సాంబయ్య హస్తవాసి

సాంబయ్య డ్యూటీలో ఉంటే తప్ప నాచారంలోని ఆ ల్యాబులో వెండి పరమాణువులు కదిలేవి కావు. నవ్వకండి. దుర్గాభవాని పీహెచ్‌డీ మొత్తం దానిమీదే ఆధారపడి ఉంది.

వెండి పరమాణువులను రాగి రేకు మీద చల్లితే అవి వేడి తగలకుండానే పాక్కుంటూ పోయి, గుంపు కట్టి, నానో కణాలవుతాయని ఆమె సిద్ధాంతం. వేడి చేస్తే ఎవరికైనా వస్తాయి, అందులో గొప్పేముంది? పొద్దున్నే రేకును దుమ్ము పడకుండా మూలనున్న పాత ఓవెన్‌లో పెట్టి, పక్కగదిలో రాసుకుంటూ కూర్చునేది. సాయంత్రం మైక్రోస్కోపులో చూస్తే కణాలే కణాలు.

తిరకాసల్లా ఒక్కటే. అటెండరు సాంబయ్య సెలవు పెట్టిన రోజు ఒక్క కణమూ ఉండేది కాదు.

ఆమె గైడు కామాక్షి జాతకాల పేరెత్తితేనే మండిపడే మనిషి. చివరికి ఆవిడే అది సాంబయ్య హస్తవాసి అని తేల్చేసింది. ఇక చూడాలి అతని వైభోగం! జ్వరమొస్తే మౌలాలిలోని అతనింటికి ఆటో పంపి మరీ రప్పించేవారు. బామ్మర్ది పెళ్లికి సెలవడిగితే ముహూర్తం మార్చుకోమన్నారు. తాను ఆ రేకును ముట్టనైనా ముట్టలేదని పాపం ఒట్టేసి చెప్పాడు. వింటేగా!

తుది పరీక్ష శనివారం వచ్చింది. ల్యాబుకు సెలవైనా తెరిచారు. ఉప్పల్ చౌరస్తాలో మెట్రో గుంతలు దాటుకుని పరీక్షకులు వచ్చారు. వాళ్ల కళ్లముందే కణాలు రావాలి, రాకపోతే డిగ్రీ లేదు. ఎందుకైనా మంచిదని సాంబయ్యకు ఓవెన్ పక్కనే కుర్చీ వేసి, ఫ్యాను తిప్పి, కదలొద్దన్నారు. అతను సాయంత్రం దాకా కదల్లేదు.

రేకు తీసి చూశారు. వెండి ఎక్కడిదక్కడే ఉంది.

పరీక్షకులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దుర్గాభవానికి ఏడుపొక్కటే తక్కువ. సాంబయ్యను పక్కకు తీసుకుపోయింది.

"సాంబన్నా, రోజు జేసేదాంట్ల ఇయ్యాల ఏం తక్కువ జేసినవ్? నా బతుకు ఆగమైతుంది, జర చెప్పు."

సాంబయ్య నొచ్చుకున్నాడు.

"ఇయ్యాల శనివారం గద బిడ్డా, ఒక్కపొద్దు ఉన్న, సద్ది డబ్బే తేకపోతి, ఇగ గా ఓవెన్ స్విచ్చేసి ఏం వేడి జేసుకోవాలె?"