ఏడో కారు

తాండూరులో టిఫిన్ సెంటర్ ముందు ఆరు స్పోర్ట్స్ కార్లు వచ్చి ఆగి చాలాసేపయింది. ఏడోది ఇంకా రాలేదు.

అందరూ వికారాబాద్ వాళ్లే. రెండు వారాలకోసారి ఆదివారం పొద్దున కార్లు బయటికి తీసి, కోట్‌పల్లి మీదుగా తాండూరు దాకా వరుసగా తోలుకొచ్చి, దోసెలు తిని వెళ్లిపోతారు. దోసెలు వికారాబాద్‌లోనూ దొరుకుతాయి. ఆ సంగతి వాళ్లకు గుర్తు చేయకూడదు.

"ఏడో బండి యాడ?" అన్నాడు మహిధర్. గ్రూపు పెట్టింది అతనే.

"వస్తది తియ్. బాలస్వామన్న ఎప్పుడన్న ముందుగాల వచ్చిండా?" అంది రచన.

అందరూ నవ్వారు.

వాళ్ల ప్లేట్లు ఖాళీ అయ్యే వేళకు పసుపు రంగు రెండు సీట్ల కారు తాపీగా వచ్చి ఆగింది. బాలస్వామి దిగాడు.

తుక్కుకు పోవాల్సిన కారు అది. రిటైరయ్యాక ఇంటి పక్క రేకుల షెడ్డులో ఏళ్ల తరబడి కూర్చుని, ఒక్కో భాగం వెతికి తెచ్చి బిగించి, మళ్లీ రోడ్డెక్కించాడు. ఇంజన్‌లో లోపం లేదు. అతను రైల్వేలో చేశాడని గ్రూపులో అందరికీ తెలుసు. ఏం చేశాడని ఎవరూ అడగలేదు.

"బండి సతాయించిందా అన్నా?" అడిగాడు మహిధర్.

"లేదు సార్. మస్తుగుంది."

"మరి గింత లేటేంది?"

"నేను ఆఖర్లనే వస్త సార్. ఎవలో ఒకలు ఆఖర్ల ఉండాలె గద."

మహిధర్‌కు ఒళ్లు మండింది.

"ఇయ్యాల డ్రోన్‌తోని వీడియో తీపిస్తున్న, ఏడు బండ్లు కలిసి రావాలె అని చెప్పిన్నా లేదా? వీడియోల ఆరే ఉన్నయ్. ఇగ నిన్ను గ్రూపుల ఉంచుడు నాతోని కాదు."

బాలస్వామి మొహం పాలిపోయింది. రెండు వారాలూ అతను ఆ షెడ్డులో గడిపేది ఈ ఒక్క పొద్దుటి కోసమే.

"నన్ను తియ్యకుండ్రి సార్. మీరేం చెప్పినా చేస్త. ముందుకు మాత్రం రాలేను. గా ఊర్ల జనం..."

"జనం మన బండ్లు చూడనీకి నిలబడుతున్నరన్నా. ముందుగాల పోయేటోన్ని చూస్తరు. ఆఖర్ల వచ్చేటోన్ని ఎవలు చూస్తరు?"

అది నిజమే అనిపించేది. కోట్‌పల్లి దాటాక ఒక ఊరుంది. కార్ల మోత వినబడగానే అక్కడ రోడ్డు మీద ఎండబోసిన కందులు పక్కకు ఊడ్చేస్తారు. మేకల్ని కట్టేస్తారు. పిల్లల్ని రెక్క పట్టుకుని, రోడ్డుకు రెండు పక్కలా నిలబడతారు. మహిధర్ అద్దం దించి, బరాత్‌లో పెళ్లికొడుకులా చెయ్యి ఊపుతూ పోతాడు.

బాలస్వామి తన దోసె సగంలో వదిలేశాడు. వెళ్లేటప్పుడు కూడా ఆరు కార్లూ కదిలాకే తన కారు తీశాడు.

ఆ సాయంత్రమే అతన్ని వాట్సాప్ గ్రూపులోంచి తీసేశారు.

శుక్రవారం నాటికి పసుపు కారును గుల్బర్గా మనిషెవరికో అమ్మేశాడని తెలిసింది. రచన మనసు ఆగక ఫోన్ చేసింది.

"ఎందుకమ్ముకున్నవన్నా? గంత కష్టపడి చేసుకుంటివి."

"ఒక్కన్నే తోలితే ఏముందమ్మా? మల్ల డ్రైవ్ ఎప్పుడు?"

ఆ ఆదివారమే ఉంది. రచనకు చెప్పడానికి నోరు రాలేదు.

"ఇంక అనుకోలేదన్నా" అనేసింది.

వీడియో మళ్లీ తీయాలని మహిధర్ ఆ వారమే డ్రైవ్ పెట్టాడు. ఈసారి ఆరు కార్లూ దండలో పూలలా ఒకే వరుసలో వచ్చాయి. ఆ ఊళ్లో జనం ఎప్పటిలాగే నిలబడ్డారు. మహిధర్ ఎప్పటిలాగే చెయ్యి ఊపాడు.

మామూలుగా ధారూర్ రోడ్డున వెనక్కి పోయేవాళ్లు. ఆ జనంతో ఫొటోలు దిగుదామని ఆ రోజు మహిధర్ మళ్లీ కోట్‌పల్లి దారే పట్టించాడు.

టిఫిన్ తిని వచ్చేసరికి ఎండ ముదిరింది. అయినా జనం రోడ్డు పక్కనే ఉన్నారు. కందులు ఇంకా కుప్పలుగానే ఉన్నాయి. మేకలు కట్టేసిన చోటే అరుస్తున్నాయి. పిల్లలు చెయ్యి విడిపించుకోవాలని గింజుకుంటున్నారు.

మహిధర్ కారాపి, చెయ్యి ఊపుతూ దిగాడు.

"చూసినవా రచనా! పొద్దటి సంది మన కోసమే నిలబడ్డరు."

పిల్ల రెక్క పట్టుకుని నిలబడ్డ హన్మమ్మ అనే ముసలామె అతని వైపు చూడనైనా చూడలేదు. అతని భుజం మీదుగా రోడ్డుకేసి చూస్తోంది.

"ఎవల కోసం చూస్తున్నవవ్వా?" అంది రచన.

"పసుపు బండి ఇంక రాలే బిడ్డా."

"దాంతోని మీకేం పని?" అన్నాడు మహిధర్.

"పోయిన ఎండకాలం మీ ఎర్రబండి జోరుకు గీ మనుమరాలు జరంతల బతికింది సారు. మీరు ఆగకుంటనే పోతిరి. ఎనుక నుంచి ఆయన దిగొచ్చి, మీ అందరి బదులు దండం పెట్టిండు."

ఎర్రబండి మహిధర్‌దే. అతను చెయ్యి దించుకున్నాడు.

"బండ్ల చప్పుడు ఇనంగనే పక్కకు జరగుండ్రి, నా బండి దాటినంకనే పిల్లల్ని ఇడవుండ్రి, నా ఎనుక ఇంకోటి రాదు, గది నా జిమ్మేదారి అని చెప్పిండు" అంది హన్మమ్మ.

"అవ్వా, ఆయన ఇగ రాడు. పిల్లను ఇడ్వు" అంది రచన ఎలాగో.

హన్మమ్మ మనుమరాలి చెయ్యి ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

"ఇన్నేండ్లు రైలు ఆఖరు డబ్బల గార్డు జేసినాయన బిడ్డా, ఆయన డబ్బ దాటందే గేటెట్ల తీస్తం?"