పదకొండింటి చాయ్

శనివారం సాయంత్రం ఆరున్నరకు నాంపల్లి స్టేషన్‌లో లోకల్ రైలు కోసం నిలబడిన వామన్‌రావు ఛాతీ పట్టుకుని కూలిపోయాడు. దవాఖానకు తీసుకెళ్లేసరికే ప్రాణం పోయింది. ఆదివారం అంత్యక్రియలు అయ్యాయి.

సోమవారం ఉదయం అబిడ్స్‌లోని ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు నుంచి ఆయన ఇంటికి ఫోన్ వెళ్లింది. బీరువా తాళాలు ఆయన జేబులోనే ఉండిపోయాయి.

తాళాలు తీసుకుని కూతురు రశ్మి వచ్చింది. ఆమెను చూశాక మేనేజర్ రామచందర్‌కు సంతాప సభ గుర్తొచ్చింది. ఏడుగురు పనిచేసే గది. మిగిలిన ఆరుగురూ లేచి రెండు నిమిషాలు మౌనంగా నిలబడ్డారు.

"తొమ్మిదేండ్లు పక్కపక్క సీట్లే గదా. నువ్వు మాట్లాడు స్వర్ణా," అన్నాడు రామచందర్.

స్వర్ణ నోరు తెరిచింది. ఏమీ గుర్తు రాలేదు. ఆయన వచ్చేవాడు, బిల్లులు రాసేవాడు, పోయేవాడు.

"మంచి మనిషి," అంది.

రశ్మి ఆమె వైపే చూస్తోంది.

"అక్కా, ఇంట్ల నాన్న అసలు మాట్లాడకపోయేది. గోడతోని కాపురం చేసిన అంటది అమ్మ. గీడనన్న మీతోని నవ్వేదా? ఒక్క ముచ్చట చెప్పున్రి. పోయి అమ్మకు చెప్త."

ఆ ఒక్క ముచ్చట కోసం స్వర్ణ తొమ్మిదేళ్ల జ్ఞాపకాలూ వెతికింది. దొరకలేదు. ఆ మాట ఆ పిల్ల ముఖం మీద ఎలా చెప్పాలి?

బుకింగ్ క్లర్కు రవిచంద్ర ఆదుకున్నాడు.

"చాయ్ టైముల చూడాలె మీ నాన్నను! మా అందరి నడుమ కూసునేది."

"ఔ," స్వర్ణ అందుకుంది. "చాయ్ అంటే పానం సార్‌కు. జర చల్లగైతే తాగకపోయేది."

"చక్కెర తక్కువైతే ఊకోకపోయేది," అన్నాడు రామచందర్.

రశ్మి కళ్లు తుడుచుకుంది. నవ్వింది కూడా.

"గందుకే ఇంట్ల చాయ్ ముట్టకపోయేది! ఆఫీసుల అందరితోని తాగొచ్చిన అనేది."

స్వర్ణకు ప్రాణం లేచొచ్చింది. అయితే తాము చెప్పింది అబద్ధం కాదన్నమాట.

పదకొండింటికి కింది హోటల్ నుంచి రాజమల్లు ట్రే పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. వామన్‌రావు పోయిన సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు.

"రాజమల్లుకు ఇంకా తెల్వదు. సార్ గ్లాసు గూడ తెచ్చే ఉంటడు," అంది స్వర్ణ. "అది నువ్వు తాగాలె రశ్మీ."

రశ్మి తండ్రి కుర్చీలో కూర్చుంది.

రాజమల్లు ఎప్పటిలాగే బల్లబల్లకూ తిరిగి గ్లాసులు పెట్టాడు. చివరిది స్వర్ణ ముందు పెట్టి, ఖాళీ ట్రే చంకన పెట్టుకున్నాడు.

"ఇంకోటేది రాజమల్లూ?"

"ఇంకోటేంది మేడం? పదేండ్ల సంది గీ రూముకు ఆరే గదా తెస్తున్న."