దారి ధర

కౌలాలంపూర్‌లో కార్లన్నీ వాటంతటవే నడుస్తున్న రోజులవి. వెనక ఖరీదైన కారు వస్తే చవక కారు పక్కకు తప్పుకుని ఆగాలన్నది రూలు. సింహాద్రి ఒక షోరూంలో పెద్ద కార్ల మోడళ్ళూ ధరలూ పోల్చి చూపించేవాడు. “ఈ రెంటికీ లక్ష రింగిట్ల తేడా సీట్లకు కాదండీ, దారికి,” అని చెప్పి అమ్మేవాడు.

ఒక మధ్యాహ్నం నిండు చూలాలైన అతని భార్య నీలవేణికి నెత్తురు పోసాగింది. అంబులెన్సుకు గంట పడుతుందన్నారు. సింహాద్రి ఆమెను తన చిన్న కారులో ఎక్కించాడు. అది కాస్త దూరం పోవడం, పక్కకు ఒదిగి ఆగడం. దాటిపోతున్నవాటిలో అతను అమ్మిన కార్లు కూడా ఉన్నాయి.

“ఎందుకాగిపోతంది?” అంది నీలవేణి.

“పెద్ద కార్లకి దారిస్తందే.”

“మరి మనకెవులిస్తారు?”

సింహాద్రి దిగి రోడ్డు మధ్య చేతులు చాచి నిలబడ్డాడు. కార్లు అతణ్ణి తగలకుండా చుట్టుతిరిగి వెళ్ళిపోయాయి. ఇక లాభం లేదని, భార్యను ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తాడు.

నీలవేణి బతికింది. బిడ్డ దక్కలేదు.

నాలుగోనాడు ఆసుపత్రి నుంచి పంపించారు. గేటు దగ్గర వాళ్ళ కారు దానంతటదే వచ్చి తలుపు తెరుచుకుని నిలబడింది. నీలవేణి దానివైపు చూడనైనా లేదు.

“నడిసెల్దాం,” అంది.

సింహాద్రి ఆమె భుజం పట్టుకుని ఎండలో రోడ్డు వారగా నడిచాడు.