వికారం

ఇంటింటా డాక్టరు అద్దాలు వెలిశాక, రోగులతో స్వయంగా మాట్లాడటం ఆసుపత్రుల్లో మనుషులకి నామోషీ అయిపోయింది. బ్లడ్ కేన్సరు మాత్ర మింగిన మంగతాయారు వంటింటి గోడనున్న అద్దంతోనే మొత్తుకుంది.

"పొద్దుట్నుంచీ ఒకటే వికారంగా ఉందే. మాత్ర తగ్గించమని ఆసుపత్రికి చెప్పు."

"లేదండీ, మీరు చాలా అందంగా ఉన్నారు," అంది అద్దం.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! కళ్ళకి అంతా మసకమసగ్గా ఉంది, అదన్నా చెప్పు."

అద్దం ఇంట్లో లైట్లన్నీ వెలిగించింది. ఆ వెలుతురుకి వికారం ముదిరి, మంగతాయారు అద్దం మీదే భళ్ళున వాంతి చేసుకుంది.

"నాకు మసకగా ఉంది! వెంటనే మనిషిని పంపండి!" అని అద్దం ఆసుపత్రికి గగ్గోలు పెట్టింది.

మంగతాయారు మూతి తుడుచుకుని కుర్చీ లాక్కుంది.

"రానీ. నీ కన్ను తుడవడానికొచ్చినవాడికే నా కళ్ళూ చూపిస్తా."