చీరలో కలిసిన అన్నం

నా చీరల కొట్లోకి ఏ సరుకు వచ్చినా ముందు గల్లాపెట్టె పక్కనున్న పలక మీదికి ఎక్కాలి. పత్తి చేను మొదలు చీర చిరిగి బూడిదయ్యేదాకా అది భూమి మీద వేసే భారమంతా లెక్కగట్టి, పలక పచ్చ దీపమో ఎర్ర దీపమో వెలిగిస్తుంది. ఎర్ర దీపం చీరను జనం కొనరు. కాబట్టి నేనూ కొనను.

ఆ రోజు గుర్నాథం నేసిన చీరకు ఎర్ర దీపం వెలిగింది.

"నా మగ్గానికి కరెంటే లేదు కదా షావుకారు గారూ! మిల్లు చీరకు పచ్చా, నా చీరకు ఎరుపా?"

"మిల్లులో యంత్రాలు అన్నం తినవయ్యా. మీ ఇంటి బియ్యం లెక్క ఈ పలకకి తెలుసు. నువ్వు తిన్నదీ, కండెలు చుట్టే మీ అమ్మ తిన్నదీ చీరలోనే కలుపుతుంది."

"ఆ ముసల్ది తినేదెంతండీ, పిచ్చుక మేత!" అని నవ్వుతూ చీర మడుచుకుని వెళ్లాడు. ఇంట్లో వాళ్లమ్మకి కూడా ఈ పలక లెక్క నవ్వుతూనే చెప్పాడట.

నెల తిరిగాక ఇంకో చీర తెచ్చాడు. దానికి పచ్చ దీపం వెలిగింది.

"ఏం మార్చావోయ్?"

"నేనేం మార్చలేదండీ. మా అమ్మే, శనివారాలు ఉండే ఒక్కపొద్దు ఇప్పుడు రోజూ ఉంటోంది. మొక్కుకున్నానంటది. ఏం మొక్కే అంటే చెప్పదు."

ఈసారి అతను నవ్వలేదు. నేను బేరమాడలేదు. చీరను అద్దాల బీరువాలో ముందు వరుసలో పెట్టించాను.

సాయంత్రం ఒకావిడ దాన్ని ముచ్చటపడి కొంది. "భూమికి ఇంతకన్నా తక్కువ భారం ఉన్నది దొరుకుతుందా?" అని అడిగింది.

"వచ్చే నెల రండమ్మా," అన్నాను.