ఏడో ఇంట్లో ఇద్దరు

“ఏడో ఇంట్లో ఇద్దరా? ఆ రెండో మనిషి ఎవురమ్మా?”

హెడ్మాస్టరు సంజీవయ్య బెత్తం కొసను నల్లబల్ల మీద ఆనించి అడిగాడు. లూదియా టీచరు చేతిలో సుద్దముక్క చేతిలోనే ఉండిపోయింది. ఏడో తరగతి పిల్లలంతా రాసేది ఆపి చూస్తున్నారు.

బల్ల మీద ఉన్నది లెక్కల పాఠమే. సగటు, మధ్యగతం, బాహుళకం. పిల్లలు తమ వీధిలో ఇంటికెంతమందో చూసుకొచ్చి, టీచరు పంచిన సైక్లోస్టైల్ కాగితాల్లో ఖాళీలు నింపాలి. వాక్యం సగం టీచరుది, మిగతా సగం పిల్లలది. ఈ రోజు వంతు సలోమిది. ఆ పిల్ల తన వీధి ఇళ్లను వరసగా బల్ల మీదికి ఎక్కించింది. ఏడో ఇల్లంటే లూదియా టీచరు అద్దెకుంటున్న ఒంటి గది. దానికి ఎదురుగా రెండు వేసింది.

“నేనొక్కదాన్నే సార్. పాప పొరపాటున రాసింది,” అంది లూదియా.

“పొరపాటో కాదో ఇప్పుడే తేలుస్తా. ఏమే సలోమీ, అడిగి రాసినావా, ఊరికే రాసినావా?”

“అడగలేదు సార్. అడగొద్దు, గొంతులు విని రాయమని టీచరే చెప్పింది.”

నిజమే. మొన్న ఎనభై ఒకటి జనాభా లెక్కల వాళ్లకే ఆళ్లగడ్డ ఆడవాళ్లు సరిగ్గా చెప్పలేదు. ఇంట్లో తలలు లెక్కపెడితే దిష్టి తగులుతుందని వాళ్ల భయం. ఇక పిల్లలు పోయి అడిగితే చీపురు తిరగేస్తారు. అందుకే దీపాలు పెట్టే వేళ వీధిలో నిలబడి, కంటబడిన మనుషుల్నీ చెవినబడిన గొంతుల్నీ లెక్కేసుకోండని లూదియా ఉపాయం చెప్పింది. ఆ ఉపాయం ఇప్పుడు ఆమె మెడకే చుట్టుకుంది.

“చూడమ్మా,” అన్నాడు సంజీవయ్య, “ఇది మిషన్ బడి. నాకెవురూ లేరు, ఒంటిగా ఉంటానని చెప్పి చేరినావు. పెండ్లి కాని ఆడమనిషి గదిలో పొద్దుగూకినాక ఇంకో గొంతు వినపడితే నేను పెద్దోళ్లకు ఏమని చెప్పుకోవల్ల? సంగతేందో ఈ పొద్దే తేలాల. లేదంటే రేపు వచ్చిన దోవనే నంద్యాల బస్సెక్కు.”

ఎక్కి ఎవరి దగ్గరికి పోవాలి? నంద్యాలలో దిగితే వచ్చావా అని పలకరించే దిక్కు లేదు. ఇక్కడైనా అంతే. సాయంత్రం బడి గంట కొట్టింది మొదలు మర్నాడు మళ్లీ కొట్టేదాకా ఆమెను పిలిచేవాళ్లు లేరు. ఈ తరగతి కూడా పోతే బతుకులో మాట అన్నదే ఉండదు. లూదియాకు ఏడుపొచ్చినంత పనైంది. అంత భయంలోనూ తన గదికి ఎదురుగా ఉన్న ఆ రెండు అంకె ఒక్క క్షణం ఎంతో ముద్దుగా కనిపించింది. సిగ్గేసి చూపు తిప్పుకుంది.

సంజీవయ్య సలోమి వైపు తిరిగాడు. “ఆ మనిషిని చూసినావా?”

“లేదు సార్. తలుపేసి ఉంటాది. గొంతే వింటి.”

“ఒగ దినమేనా?”

“దినామూ వినపడతాది సార్. మా ఇల్లు పక్కనే గదా.”

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. సంజీవయ్య బెత్తంతో బల్ల మీద ఒక్కటిచ్చాడు.

“ఏం మాట్లాడుకుంటారు?”

“మొదుట్లో లెక్కలే సార్. టీచరు అడుగుతాది, ‘సంచిలో పది గోళీలుండాయి. మూడు ఎర్రవి. చూడకుండా తీస్తే ఎర్రది వచ్చే సంభావ్యత ఎంత?’ అని. కొంచేపు సద్దుండదు. మళ్ల ఆ ఇంకో గొంతు ‘పదింట మూడు’ అంటాది. ‘శెభాష్’ అంటాది టీచరు.”

లూదియాకు అంతా అర్థమైపోయింది.

“చాలు సలోమీ. కూచో.”

“కూచోవద్దు!” సంజీవయ్య గొంతు పెంచాడు. “ఇంతసేపు ఎవురూ లేరంటివి గదమ్మా. ఇప్పుడెందుకు ఆపుతాండావు?”

ఒక్క మాట చెబితే ఉద్యోగం నిలుస్తుంది. కానీ ఇంతమంది పిల్లల ముందు చెప్పుకునే మాటా అది? దానికన్నా ఎవరో ఉన్నారని పేరు పడటమే నయమనిపించింది లూదియాకు. బల్ల వైపు తిరిగి డస్టరు చేతిలోకి తీసుకుంది.

“నువ్వు చెప్పవే సలోమీ,” అన్నాడు సంజీవయ్య. “లెక్కలైనాక?”

“అయినాక ఆ గొంతు ‘అన్నం తింటివా?’ అంటాది సార్. ‘ఆకలి లేదులే’ అంటాది టీచరు. ‘అట్లంటే ఎట్లా, పొద్దుననంగా తింటివి, లే, నాలుగు మెతుకులన్నా తిను’ అని బుజ్జగిస్తాది. ఇద్దరూ శానాసేపు మాట్లాడుకుంటారు. ఒగోసారి నవ్వుకుంటారు గూడా.”

ఈసారి వెనక బెంచీలో ఎవరూ నవ్వలేదు.

“అయితే ఆ మొగోని గొంతు మళ్లా వింటే గుర్తుపడతావా?”

“మొగోళ్లు కాదు సార్,” అంది సలోమి ఆశ్చర్యంగా. “ఆ గొంతు అచ్చం మా టీచరు గొంతే. చెల్లెలేమో అనుకొని ఇద్దరని రాసినా.”