లోపలికి పోయిన బొటనవేలు

అమ్మా సుష్మా,

అక్షరాలు వంకర్లు పోయాయి, తప్పులుంటే ఏమీ అనుకోవద్దు. ఫోనులో నాకు మాట పెగలదు.

ఎవరో నవ్వారని కుప్పంలో బాక్సింగ్ మానేస్తావా? నాకు ఒళ్లు మండుతోంది. కొత్తగా నేర్చేవాళ్లకు మొదటి పాఠమేమిటి? గడ్డం దించాలి, చేతులు ఎత్తాలి, బొటనవేలు పిడికిలి బయటే ఉండాలి.

నిన్న పాలకేంద్రంలో మునిరత్నం అందరి ముందూ, "ఏమప్పా, నీ మనవరాలు నిక్కరేసుకోని గుద్దులాడతా ఉండాదంట!" అని ఇకిలించాడు. పాలక్యాను కింద పెట్టాను. గుద్దాను.

నలభై ఏళ్లుగా బొటనవేలు మడిచి పాలు పిండిన చెయ్యి. పిడికిలి బిగిస్తే వేలు లోపలికే పోయింది, విరిగింది. ఇది ఎడమచేత్తో రాస్తున్నాను.

సెలవుల్లో నువ్వు నేర్పిన మొదటి పాఠమే మరిచాను. నువ్వు మానేస్తే నాకు మళ్లీ ఎవరు నేర్పుతారు? మానలేదని వెంటనే ఒక్క ముక్క రాయి.

మీ తాత